రికార్డులు కడిగే ఎంజైమ్ ద్రావణం ఎన్నాళ్లు పనిచేస్తుంది, దాని బలాన్ని ఎలా కాపాడుకోవాలి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత ఇళ్ల అటకల మీద, ఇనుప సందూకల్లో, ఒకప్పుడు పెళ్లిళ్లకూ జాతరలకూ మైకు సెట్లు కిరాయికి ఇచ్చిన దుకాణాల వెనుక గదుల్లో ఇప్పటికీ గ్రామఫోన్ రికార్డులు బయటపడుతున్నాయి. వాటిని ఇంటికి తెచ్చుకున్నవారికి మొదట ఎదురయ్యేది మురికి. వానాకాలపు చెమ్మకు అట్ట సంచికి పట్టి అక్కడి నుంచి గాడిలోకి పాకిన బూజు, ఏళ్ల తరబడి చేతులు మారడం వల్ల అంటిన చెమట, తలనూనె, పెళ్లి పందిట్లో పడిన తినుబండారాల జిడ్డు, వీటన్నిటికీ మూలం మాంసకృత్తులు, పిండి పదార్థాలు, కొవ్వులే. గాడిలో ఎండి గట్టిపడిన తరువాత ఇవి మామూలు సబ్బు నీటికి అంత సులువుగా లొంగవు. వీటిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నీటిలో కలిసిపోయేలా చేయడానికి ఎంజైమ్ ద్రావణాలు బాగా ఉపయోగపడతాయి. అయితే వాటి ధర ఎక్కువ, మన పట్టణాల్లో దుకాణాల్లో దొరకవు, పార్సెల్‌లో తెప్పించుకోవలసిందే. అందుకే చాలామంది ఒకసారి సీసాడు కలిపి పెట్టుకొని నెలల తరబడి వాడుతుంటారు. ఎంజైమ్ విషయంలో ఈ పొదుపు ఫలించదు. నీళ్లు కలిపిన మరుక్షణం నుంచి ఆ ద్రావణం బలం తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఆ నెలల్లో చాలా భాగం మనం రికార్డును ఖరీదైన సబ్బు నీటితో మాత్రమే కడుగుతున్నట్టు లెక్క.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. ఎంజైమ్ పొడి రూపంలో విడిగా వచ్చినట్లయితే, తేమ తగలకుండా ఉన్నంతకాలం అది అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. సీలు తీయని గాఢ ద్రవం చల్లని చోట ఉంటే తయారైన నాటి నుంచి ఏడాది మొదలుకొని రెండేళ్ల వరకు నమ్మవచ్చు. తయారీదారు ముద్రించిన గడువు ఇంతకన్నా తక్కువగా ఉంటే ఆ గడువునే పాటించాలి. సీలు తీసిన గాఢ ద్రవాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, ఆరు నెలలు దాటిన తరువాత ప్రతిసారీ పరీక్షించి వాడడం మంచిది. తయారీదారే నీళ్లు కలిపి, వెంటనే వాడుకోవడానికి వీలుగా అమ్మే సీసాలలో నిలవ ఉంచే పదార్థాలు ఉంటాయి కాబట్టి అవి తెరిచాక కొన్ని నెలలు పనిచేయవచ్చు. మనం ఇంట్లో నీళ్లు కలుపుకున్న ద్రావణాన్ని మాత్రం ఆ రోజుకే వాడి, మిగిలింది పారబోయాలి. ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స పరికరాలను కడగడానికి వాడే ఎంజైమ్ ద్రవాల విషయంలోనూ ఇదే పద్ధతి ఉంది: గాఢ ద్రవాన్ని గడువు వరకు దాచుకుంటారు, నీళ్లు కలిపినదాన్ని మరునాటికి ఉంచరు. రోగి శరీరంలోకి వెళ్లే పరికరాల దగ్గర అంత జాగ్రత్తగా పాటించే నియమం మన రికార్డుల దగ్గర కూడా పాటించదగినదే.

బలం ఎందుకు తగ్గుతుంది

ఎంజైమ్ ఒక ప్రోటీన్ అణువు. పొడవైన గొలుసులాంటి ఆ అణువు ఒక ప్రత్యేకమైన ఆకృతిలో ముడుచుకొని ఉంటుంది. ఆ ఆకృతి వల్లనే దానికి పని చేసే శక్తి వస్తుంది. ప్రోటియేజ్ అనేది మాంసకృత్తులను, అమైలేజ్ పిండి పదార్థాన్ని, లైపేజ్ కొవ్వులను విడగొడతాయి. ఈ పనిలో ఎంజైమ్ తాను ఖర్చు కాదు. ఒక అణువు ఒక పని ముగించి మరో పనికి పోతుంది. ఖర్చు కాదన్న మాట నిజమే కానీ, చెడిపోదన్న అర్థం దానికి లేదు. వేడి తగిలినా, ఆమ్లమో క్షారమో ఎక్కువైనా, ఆల్కహాల్ గానీ క్లోరిన్ గానీ కలిసినా ఆ ముడుత విడిపోతుంది. విడిపోయిన తరువాత అణువు అక్కడే ఉంటుంది, పని మాత్రం చేయదు.

దీనికి తోడు మరో కారణం ఉంది. ప్రోటియేజ్ మాంసకృత్తులను తినే ఎంజైమ్. పక్కనే ఉన్న అమైలేజ్, లైపేజ్ కూడా మాంసకృత్తులే. తన తోటి ప్రోటియేజ్ అణువులూ మాంసకృత్తులే. నీటిలో స్వేచ్ఛగా వదిలితే అది రికార్డు మీది మురికినీ, సీసాలోని తోటి ఎంజైములనూ ఒకేలా కొరుకుతుంది. తయారీదారులు దీన్ని ఆపడానికి గాఢ ద్రవంలో నీటి పాలు తగ్గించి ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా గ్లిజరిన్ కలుపుతారు, కాల్షియం లవణాలు చేరుస్తారు, కొందరు ప్రోటియేజ్‌ను తాత్కాలికంగా అణచిపెట్టడానికి బోరాన్ సమ్మేళనాలు వాడతారు. మనం ఒక పాలు గాఢ ద్రవానికి ఇరవై పాళ్లు నీళ్లు కలిపినప్పుడు ఈ కాపలా అంతా కూడా అదే నిష్పత్తిలో పలుచబడుతుంది. అణచిపెట్టిన ప్రోటియేజ్ విడుదల కావడం మనకు కావలసిందే, ఎందుకంటే అప్పుడే అది మురికి మీద పనిచేస్తుంది. ఆ విడుదలతోనే దాని ఆయుష్షు కూడా తగ్గడం మొదలవుతుంది.

ఇందులో చిక్కేమిటంటే, బలం పోయిన ద్రావణం చూడడానికి మునుపటిలాగే ఉంటుంది. దాదాపు ఈ ద్రవాలన్నిటిలోనూ తడిని గాడి అడుగు దాకా చేర్చడానికి సబ్బు స్వభావం గల సర్ఫాక్టెంట్ ఒకటి ఉంటుంది. ఎంజైమ్ చచ్చిపోయినా అది నురగ ఇస్తూనే ఉంటుంది, పైపైన దుమ్మును వదిలిస్తూనే ఉంటుంది. కడిగినవారికి రికార్డు మెరుస్తూ కనిపిస్తుంది, ముల్లు పెట్టినప్పుడు గాడిలోని చిటపటలు మాత్రం అలాగే వినిపిస్తాయి. అప్పుడు తప్పు రికార్డుదనో ముల్లుదనో అనుకుంటారు. ద్రావణం మసకబారడం, జారుడుగా తీగలు సాగడం, పులిసిన వాసన రావడం అనే గుర్తులు కనిపిస్తే అందులో సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం, దాన్ని వెంటనే పారబోయాలి. ఆ గుర్తులు లేకపోవడం మాత్రం ఎంజైమ్ బతికి ఉందనడానికి సాక్ష్యం కాదు.

మన ఎండ, మన నీళ్లు

లేబుల్ మీద చల్లని పొడి చోట ఉంచమని రాసినవారు చాలావరకు ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకొని రాస్తారు. నల్లగొండలో మే నెలలో పగటి ఎండ 43, 44 డిగ్రీలు తాకడం మామూలు విషయం. రేకుల ఇంట్లోనైతే గది లోపల కూడా ఊరట ఉండదు. రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెండింతలు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 25 డిగ్రీల గదిలో జరిగే క్షీణత 45 డిగ్రీల దగ్గర నాలుగింతల వేగంతో జరుగుతుంది. నిజానికి ఎంజైమ్ ముడుత విడిపోవడం ఒక హద్దు దాటాక ఇంతకన్నా వేగంగా సాగుతుంది. కాబట్టి రెండేళ్ల గడువు ఉన్న సీసా అయినా ఒక్క ఎండాకాలం అల్మారాలో గడిపితే మిగిలిన గడువును నమ్మకూడదు.

కొనే కాలాన్ని ఎంచుకోవడం అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త. దూరం నుంచి వచ్చే పార్సెల్ గోదాముల్లో, మూసి ఉన్న వ్యాన్లలో రోజుల తరబడి ఉంటుంది. హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండకో, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్‌కో చేరే చివరి వంద కిలోమీటర్ల ప్రయాణం కూడా మధ్యాహ్నపు ఎండలో జరగవచ్చు. నవంబర్ నుంచి జనవరి లోపల తెప్పించుకుంటే ఈ బెడద ఉండదు. పెద్ద సీసా చవక అనిపించినా, ఏడాదిలో అయిపోయేంత మాత్రమే కొనడం మేలు. సీసా చేతికి రాగానే తయారీ తేదీని చూసి, తెరిచిన నాటి తేదీని సిరాతో దాని మీద రాసి పెట్టుకోవాలి.

ఇంటికి వచ్చిన గాఢ ద్రవానికి సరైన స్థలం ఫ్రిజ్ మధ్య అర. తలుపుకున్న అరలో మాటిమాటికీ వేడి గాలి తగులుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో గడ్డకట్టే పెట్టెకు ఆనుకొని ఉన్న చోట ద్రవం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగితే అందులోని పదార్థాలు విడిపోయి అడుగున చేరవచ్చు, ఎంజైమ్ కొంత దెబ్బతినవచ్చు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంచితే చాలు, కొన్ని గంటలకు ఏమీ కాదు. పిల్లలు తాగే సీసాలతో కలిసిపోకుండా మూత ఉన్న డబ్బాలో వేరుగా పెట్టి, పేరు పెద్ద అక్షరాలతో రాయాలి. ఫ్రిజ్ వీలుకాని ఇంట్లో నేల మట్టానికి దగ్గరగా, ఇంటికి ఉత్తరం వైపున్న చీకటి మూల ఎంచుకోవాలి. ఇన్వర్టర్ పక్కన, టీవీ వెనుక, కిటికీ గూట్లో పెట్టకూడదు.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ద్రావణంలో వందకు తొంభై అయిదు పాళ్లు నీళ్లే. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ వల్ల నల్లగొండ పేరు ప్రపంచమంతటికీ తెలిసింది. ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి నల్లగొండ విధానమనే పేరు పెట్టారు. అందులో పటిక, సున్నంతో పాటు బ్లీచింగ్ పౌడర్ కూడా వాడతారు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద నల్లాలలో వచ్చే శుద్ధి చేసిన నీటిలోనూ క్లోరిన్ ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణమే చెబుతోంది. తాగేవారి ఆరోగ్యానికి ఇది అవసరం, ఎంజైమ్‌కు మాత్రం ఇది శత్రువు. పలుచని ద్రావణంలో ఉన్న కొద్దిపాటి ఎంజైమ్‌లో కొంత భాగాన్ని క్లోరిన్ కలిపిన వెంటనే పాడుచేస్తుంది. వానాకాలంలో ట్యాంకులో బ్లీచింగ్ వేసిన రోజున పట్టుకున్న నీళ్లయితే ఆ నష్టం మరింత ఎక్కువ.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కదా అని కొందరు దాన్ని ఎంచుకుంటారు. బోరు నీటిలోని కాల్షియం ఎంజైమ్‌కు హాని చేయదు, కొన్ని ఎంజైములకు అది బలం కూడా. చిక్కు రికార్డుకు వస్తుంది. ఆ నీళ్లు గాడిలో ఆరిపోతే లవణాలు తెల్లని పొరగా మిగిలి, ముల్లు నడిచినప్పుడు కొత్త చిటపటలు పుట్టిస్తాయి. ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు వీటికన్నా మెరుగే అయినా, వాటిలో లవణాలు పూర్తిగా పోవు, క్యాన్ శుభ్రత మన చేతిలో ఉండదు. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛమైనవన్న నమ్మకంతో వాడేవారూ ఉన్నారు. ఏసీ లోపలి దుమ్ము, బూజు విత్తులు ఆ నీళ్లలో కలిసి వస్తాయి కాబట్టి బూజు వదిలించే పనికి అవి అసలే తగవు.

వాడవలసింది డిస్టిల్డ్ వాటర్ లేదా లవణాలు తీసేసిన నీళ్లు. బ్యాటరీ దుకాణాల్లో బ్యాటరీ నీళ్లని అడిగితే సీలు వేసిన క్యాన్లు ఇస్తారు. అయితే అదే దుకాణంలో అటువంటి క్యాన్లలోనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి. లేబుల్ చదివి, సీలు చూసి, ఇంటికి వచ్చాక ఆమ్లమో క్షారమో రంగుతో చూపే పీహెచ్ కాగితం ఒకటి ముంచి చూడడం ఎంతైనా అవసరం. కాగితం ఎర్రబడితే ఆ క్యాన్ రికార్డుల దరిదాపులకు కూడా రాకూడదు.

కలిపే పద్ధతి

కడగబోయే రికార్డులను ముందుగా లెక్కపెట్టి, ఆ పనికి సరిపడినంతే కలపాలి. చేత్తో కడిగేటప్పుడు పన్నెండు అంగుళాల పెద్ద రికార్డు (ఎల్పీ) రెండు వైపులకూ కలిపి సుమారు పది, పదిహేను మిల్లీలీటర్లు పడుతుంది. ఏడు రికార్డులు కడగాలనుకుంటే వంద మిల్లీలీటర్ల ద్రావణం సరిపోతుంది. ఒకటికి ఇరవై అని లేబుల్ మీద ఉంటే వంద మిల్లీలీటర్ల నీటికి అయిదు మిల్లీలీటర్ల గాఢ ద్రవం చాలు. మందుల దుకాణంలో దొరికే సూది లేని సిరంజితో కొలిస్తే అంచనాల బెడద ఉండదు. బలం పెరుగుతుందని ఎక్కువ పోయడం వల్ల లాభం తక్కువ. గ్లిజరిన్, గ్లైకాల్ వంటివి గాడిలో మిగిలిపోయి, కడిగివేయడం కష్టమవుతుంది.

సిరంజి పొడిగా, శుభ్రంగా ఉండాలి. నీళ్లలో ముంచిన సిరంజిని మళ్లీ గాఢ ద్రవంలో పెడితే నీటితో పాటు సూక్ష్మజీవులు కూడా లోపలికి పోతాయి. మిగిలిన పలుచని ద్రావణాన్ని తిరిగి అసలు సీసాలో పోయడం అంతకన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే దాంతో ఏడాది నిలిచే సరుకు కూడా పాడవుతుంది. పెద్ద సీసా కొన్నవారు తెరిచిన రోజునే దాన్ని చిన్న చిన్న సీసాలలోకి నిండుగా పంచి పెట్టుకుంటే, ఒకదాన్ని వాడుతున్నంతసేపు మిగతావి తెరవకుండా ఉంటాయి.

కలిపిన ద్రావణం ఫ్రిజ్ చల్లదనంతో ఉంటే మందకొడిగా పనిచేస్తుంది. ముప్పై నుంచి నలభై డిగ్రీల మధ్య దాని పని చురుగ్గా ఉంటుంది. ఎండాకాలంలో గది వేడే సరిపోతుంది. డిసెంబర్ ఉదయాల్లో ద్రావణం ఉన్న గిన్నెను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు నిలిపితే చాలు. పొయ్యి మీద కాచకూడదు, నలభై డిగ్రీలు దాటించకూడదు. అంతకు మించిన వేడి ఎంజైమ్ బలాన్ని త్వరగా తీసేస్తుంది, ఇంకా పెరిగితే వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన రికార్డే వంకరపోతుంది. చురుకుదనాన్ని ఇచ్చే వేడి, ఆయుష్షును తగ్గించే వేడి ఒకటే కాబట్టి వెచ్చబరచినదాన్ని రెండు మూడు గంటల్లో వాడేయాలి.

ద్రావణాన్ని స్ప్రే సీసాలో పోసి చిమ్మవద్దు. ఎంజైమ్ తుంపరలు ఊపిరితో లోపలికి పోతే కొందరికి అలర్జీ, ఉబ్బసం వస్తాయి. బట్టల సబ్బు పొడిలో ఎంజైమ్ కలపడం మొదలుపెట్టిన తొలి కాలంలో కర్మాగారాల కార్మికులకు జరిగిన హాని వల్లనే ఈ సంగతి తెలిసింది. మెత్తని బ్రష్‌తోనో, చుక్కలుగానో వేయాలి, చేతికి తొడుగు వేసుకోవాలి.

బతికి ఉందో లేదో తెలుసుకోవడం

ఇంట్లో చేయదగిన పరీక్షలు రెండు ఉన్నాయి, రెండూ నమ్మదగినవే. మొదటిది ప్రోటియేజ్ కోసం. పాతకాలపు ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లని వెండి రేణువులను పట్టి ఉంచేది జెలటిన్ పొర. జెలటిన్ ఒక మాంసకృత్తు కాబట్టి ప్రోటియేజ్ దాన్ని కరిగిస్తుంది. ఫిల్మ్‌లో బాగా నల్లగా ఉన్న చోట ఒక చిన్న ముక్క కత్తిరించి, ఒక కొసన ద్రావణం చుక్క, మరో కొసన డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, ఆరిపోకుండా చిన్న మూత బోర్లించి, అరగంట నుంచి గంట సేపు గది వేడిలో ఉంచాలి. తరువాత నీటి ధార కింద పెట్టి వేలితో మెల్లగా రుద్దాలి. ఎంజైమ్ బతికి ఉంటే ఆ చుక్క ఉన్న చోట నలుపు ఊడివచ్చి ఆ మేరకు ఫిల్మ్ తేటబడుతుంది, నీటి చుక్క ఉన్న చోట నలుపు అలాగే ఉంటుంది. రసాయనాల తొట్టిలో కడిగి తీసిన పాత ఫిల్ములే ఇందుకు పనికివస్తాయి. ఇప్పుడు కంప్యూటర్ నుంచి అచ్చువేసి ఇచ్చే ఫిల్ముల మీద ఈ పరీక్షను నమ్మలేము.

రెండవది అమైలేజ్ కోసం, దీనికి గంజి చాలు. చల్లారిన గంజి ఒక చెంచాడు తీసుకొని గ్లాసెడు నీళ్లలో కలిపి, అందులో కొంత రెండు గిన్నెల్లో పోయాలి. ఒక దానిలో ఎంజైమ్ ద్రావణం, మరో దానిలో అంతే కొలత డిస్టిల్డ్ వాటర్ వేయాలి. అయిదేసి నిమిషాలకు ఒకసారి ఒక్కో గిన్నె నుంచి ఒక్కో చుక్క తెల్లని పింగాణీ పళ్లెం మీద వేసి, దాని మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూడాలి. గంజి ఉంటే ముదురు నీలం వస్తుంది. అమైలేజ్ పనిచేస్తుంటే ఆ నీలం ఒక్కో పరీక్షకూ పలుచబడి, చివరికి అయోడిన్ పసుపు రంగు మాత్రమే మిగులుతుంది. అయోడిన్‌ను నేరుగా గిన్నెలో పోయకూడదు, అది ఎంజైమ్‌నే దెబ్బతీస్తుంది. పరీక్ష సరిగ్గా జరుగుతున్నదా అనే సందేహం వస్తే మూడో గిన్నెలో కాస్త ఉమ్మి వేసి చూడవచ్చు, మన నోటిలో ఉండేది కూడా అమైలేజే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద నూలుకు గంజి పెట్టడం మనకు తెలిసిందే. నేసిన బట్ట నుంచి ఆ గంజిని వదిలించడానికి పెద్ద మిల్లుల్లో వాడేది కూడా ఈ ఎంజైమ్ జాతే.

సీసాలో ఏ ఎంజైమ్ ఉందని లేబుల్ చెబుతున్నదో దానికి తగిన పరీక్షే చేయాలి. అమైలేజ్ లేని ద్రవానికి గంజి పరీక్ష చేసి సీసా చచ్చిందనుకుంటే నష్టపోతాము. లైపేజ్‌ను ఇంట్లో తేల్చిచెప్పడం కష్టం, మిగతా రెండూ బాగుంటే దాన్ని కూడా బాగున్నట్టే భావించి ముందుకు పోవచ్చు. కొత్త సీసా తెరిచిన రోజునే ఈ పరీక్ష చేసి, నలుపు ఊడడానికి లేదా నీలం పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పెట్టుకోవడం చాలా ముఖ్యం. అదే కొలతతో, అదే వేడిలో తరువాత చేసినప్పుడు పట్టిన సమయం రెండింతలు అయితే బలం సుమారు సగానికి పడిపోయిందని లెక్క. సగం దాకా నేను ద్రావణాన్ని గాడిలో ఎక్కువ సేపు ఉంచి సర్దుకోమంటాను. అంతకన్నా పడిపోయినదాన్ని నమ్ముకొని మంచి రికార్డును మళ్లీ మళ్లీ బ్రష్‌తో రుద్దడం సరికాదు.

కడిగేటప్పుడు బలాన్ని వృథా చేయకుండా

చల్క నేలల ఎర్ర దుమ్ము, సాంబ్రాణి పొగ మసి, నీటి లవణాల మరకలు ఎంజైమ్‌కు ఆహారం కావు. దుమ్మును ముందుగా సన్నని కార్బన్ పోగులున్న పొడి బ్రష్‌తో తీసేయాలి, లేకపోతే ద్రావణం బురదగా మారి, గాడి అడుగున ఉన్న జిడ్డు దాకా చేరదు. మధ్యనున్న కాగితం లేబుల్ తడవకుండా మూతలాంటిది అడ్డుపెట్టి, ద్రావణాన్ని గాడి వెంబడి గుండ్రంగా పరచాలి. ఎంజైమ్‌కు సమయం కావాలి. రెండు నుంచి అయిదు నిమిషాలు తడిగా ఉంచి, మధ్యలో ఒకటి రెండు సార్లు మెల్లగా బ్రష్ నడపాలి. మన ఎండాకాలంలో, ఫ్యాను కింద, ఈ కొద్ది సేపటిలోనే అంచులు ఆరిపోతాయి. ఆరిన చోట పని ఆగిపోవడమే కాకుండా పొర గట్టిపడుతుంది కాబట్టి ఫ్యాను ఆపి, అవసరమైతే మరికొన్ని చుక్కలు చేర్చాలి.

ఆ తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. విరిగిన మురికితో పాటు ఎంజైమ్ కూడా పూర్తిగా పోవాలి, గాడిలో మిగిలిన మాంసకృత్తు తిరిగి బూజుకు ఆహారమవుతుంది. ఆల్కహాల్ కలిసిన ద్రావణం వాడే అలవాటు ఉంటే దాన్ని ఈ కడుగుడు తరువాతి దశగానే వాడాలి. సమయం కలిసివస్తుందని రెండింటినీ ఒకే సీసాలో కలిపితే ఎంజైమ్ అక్కడికక్కడే పోతుంది. రికార్డు మీద దుమ్ము, వేలిముద్రలు తప్ప మరేమీ లేకపోతే ఎంజైమ్ జోలికే పోనవసరం లేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన రికార్డులకు టెర్జిటాల్ అనే సర్ఫాక్టెంట్‌ను లవణాలు తీసేసిన నీటిలో అతి కొద్దిగా కలిపి వాడుతుంది, అందులో ఎంజైమ్ లేదు, బలం పోతుందన్న బెంగా లేదు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కలకత్తా సీల్దాలో 1908లో మొదలై తరువాత డమ్‌డమ్‌కు మారిన గ్రామఫోన్ కంపెనీ కర్మాగారంలో అచ్చయిన ఆ రికార్డులు లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, క్షార ద్రావణాల్లోనూ కరుగుతుంది. ఎంజైమ్ ద్రావణం పీహెచ్ ఏడు దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉంటేనే వాటి మీద వాడాలి, నానబెట్టకుండా ఒకటి రెండు నిమిషాల్లో కడిగి వెంటనే మెత్తని బట్టతో అద్దాలి. బట్టల సబ్బు పొడిలో ఎంజైమ్ ఉంది కదా అని వాడితే అందులోని సోడా లక్కను తినేస్తుంది. వినైల్ మీద కూడా ఆ పొడిలోని తెలుపు రసాయనాలు, కరగని రేణువులు గాడిలో మిగిలిపోతాయి.

ఈ సందర్భంలో ఇంట్లో చేసుకునే బయో ఎంజైమ్ గురించి తప్పక చెప్పాలి. బత్తాయి, నిమ్మ తొక్కలను బెల్లం నీళ్లలో మూడు నెలలు పులియబెట్టి చేసే ఆ ద్రవం నేల తుడవడానికి పనికిరావచ్చు. బత్తాయి తోటల నల్లగొండలో తొక్కలకు కొదవ లేదు కాబట్టి రికార్డులకూ అదే వాడదామనే ఆలోచన రావడం సహజం. కానీ అది గట్టి పులుపున్న ఆమ్ల ద్రవం, అందులో చక్కెరలు, ఈస్టు, పండు పీచు ఉంటాయి, ఏ ఎంజైమ్ ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. గాడిలో అది మిగిలితే బూజుకు విందు. మోరీలకూ సెప్టిక్ ట్యాంకులకూ అమ్మే ద్రవాలలో బతికి ఉన్న బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి వాటినీ దూరంగా ఉంచాలి.

పని ముగిశాక మిగిలిన పలుచని ద్రావణాన్ని ఎక్కువ నీళ్లతో కలిపి మోరీలో పారబోయవచ్చు. బ్రష్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఎండలో కాకుండా గాలికి ఆరబెట్టాలి. కలిపిన గిన్నె, సిరంజి పూర్తిగా ఆరిన తరువాతే లోపల పెట్టాలి, వాటిలో మిగిలిన తడి తరువాతిసారి కలిపే ద్రావణానికి సూక్ష్మజీవులను అందిస్తుంది. గడువు దాటి పరీక్షలో ఓడిపోయిన గాఢ ద్రవం వాసన, మసక లేకుండా ఉంటే దాన్ని అట్ట సంచుల మీది ప్లాస్టిక్ కవర్లను కడగడానికి సబ్బు నీళ్లలా వాడి ముగించవచ్చు. ఖాళీ సీసా మీది లేబుల్ చింపి, వంటింటి అవసరాలకు మళ్లీ వాడకుండా చెత్తలో వేయాలి.